తూర్పు గడప

శుక్రవారం పొద్దున బాల్కనీ అద్దాల తలుపు సగం దాకా జరిగి ఆగిపోయింది.

పద్మావతి తోసింది. లాగింది. కదల్లేదు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాక మదీనాగూడ అపార్టుమెంట్లకూ అద్దాల తలుపుల మోజు పట్టింది. పాడైతే చేసేవాడు మాత్రం కొత్తగూడ నుంచి రావాలి. అక్కడి షాపుకు ఫోను చేసి భర్త రామబ్రహ్మం పేరు, ఇల్లు చెప్పింది.

మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. మబ్బు మాత్రం వచ్చింది.

వాన పడితే నీళ్ళు నేరుగా హాల్లోకే. నున్నటి నేల. రామబ్రహ్మం చేతికర్రతో నడుస్తాడు. మళ్ళీ పడితే, ఒకసారి విరిగిన కాలు ఇక అతకదని డాక్టరు ముందే చెప్పాడు.

బెల్లు మోగింది.

గుమ్మంలో నలభై దాటిన మనిషి. భుజాన రెగ్జిన్ సంచి, చేతిలో అడ్రసు రాసిన నలిగిన చీటీ.

"రామబ్రహ్మం సారు ఇల్లు గిదేనా అమ్మా?"

"ఇదే. పొద్దుననగా చెబితే ఇప్పుడా రావడం? రా, ముందు తలుపు చూడు."

"తలుపా? లేదమ్మా, నేను సారును..."

"సారు ఆఫీసులో ఉన్నారు. ఆయన లేకపోతే పని జరగదా? వాన మీదికొస్తోంది. నేల తడిస్తే ఆయన జారిపడతారు. అసలే విరిగి అతికిన కాలు."

ఆ మనిషి చెప్పబోయింది మింగేశాడు.

"సారు మంచిగ నడుస్తుండ్రా అమ్మా?"

"నడవకపోతే ఆఫీసుకెలా వెళ్తారయ్యా? పని చూడు."

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. సంచి గోడ పక్కన పెట్టాడు. తలుపు పట్టుకుని గుంజాడు. అతనికీ కదల్లేదు.

"ఒక చాకు ఇస్తరా అమ్మా? పాత బ్రష్షు గూడ."

"పనిముట్లు లేకుండా పనికొచ్చావా? పెళ్ళికొచ్చినట్టు వచ్చావే!"

అతను నవ్వాడు. బోర్లా పడుకుని, తలుపు జరిగే కింది గాడిలోకి చూశాడు.

గాడి నిండా గట్టిపడిన ముద్ద. పసుపు, కుంకుమ, ముగ్గు వేసే బియ్యప్పిండి. తలుపు చక్రాలు అందులో కూరుకుపోయాయి. వాన నీళ్ళు బయటికి పోయే బెజ్జాలు కూడా పూడిపోయాయి.

"గీడ పసుపు ఎవరు పెడుతుండ్రమ్మా?"

"నేనే. మా వీధి గుమ్మం దక్షిణం. తూర్పున ఉన్నది ఇదొక్కటే. నాకు గడపంటే ఇదే."

"గడప గాదమ్మా, గివి పట్టాలు. రైలు పట్టాల మీద పిండి పోస్తే రైలు నడుస్తదా?"

ఆమెకు కోపం వచ్చింది.

"ఎవరి కోసం పెడుతున్నానో తెలుసా నీకు? నిరుడు ఈ రోడ్డు మీదే లారీ గుద్ది మావారు రక్తంలో పడి ఉంటే, జనం చూసుకుంటూ పోయారు. ఎవరో ఆటో అతను, ఒక్కడే, ఎత్తుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చాడు. పేరన్నా చెప్పలేదు. మావారి కళ్ళజోడు కూడా ఆ ఆటోలోనే ఉండిపోయింది. ఎంత వెతికినా ఆ బాబు దొరకలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని శుక్రవారం శుక్రవారం పెడుతున్నాను."

గీకుతున్న చాకు ఆగింది.

"మనుషులంటే వాళ్ళయ్యా. మీలా గుమ్మం ఎక్కకముందే ఎంతిస్తారని అడిగే రకం కాదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తల దించుకుని మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.

ముద్ద చెక్కలు చెక్కలుగా ఊడింది. చీపురు పుల్లతో బెజ్జాలు పొడిచి చెంబుడు నీళ్ళు పోశాడు. నీళ్ళు బయటికి పోయాయి. గాడి తుడిచి కొవ్వొత్తి రుద్దాడు. తలుపు వేలితో తోస్తే జరిగింది.

ఊడిన పసుపంతా ఒక కాగితంలోకి ఎత్తాడు. అందులోంచి చిన్న పలుకు తీసి, కళ్ళకద్దుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు నీకు?"

"ఊకెనే అమ్మా."

"సరే, ఎంతివ్వాలి?"

"ఏమొద్దు."

"ఏమొద్దంటే? రేపొచ్చి ఎక్కువ గుంజుదామనా?"

"రేపు నేనుండనమ్మా. బొంబాయి పక్కన భివండి పోతున్న, మా తమ్ముని కాడికి. ఇగ ఆడనే. బస్సుకు టైమైంది."

"బాగుంది. మళ్ళీ పట్టేస్తే ఎవర్ని పిలవను?"

"పసుపు జర పక్కకు, గోడకు పెట్టుండ్రి. ఇగ పట్టది."

సంచి తెరిచి మూసి, భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు.

"సారును పైలంగ ఉండుమని చెప్పుండ్రి."

మంచినీళ్ళు కావాలా అని కూడా ఆమె అడగలేదు.

వాన దంచి కొట్టింది. హాల్లోకి చుక్క రాలేదు.

తెరిపి ఇచ్చాక మళ్ళీ బెల్లు మోగింది. పనిముట్ల పెట్టెతో తడిసిన మనిషి.

"కొత్తగూడ షాపు నుంచి మేడం, బాలనర్సయ్యను. వానకు ఆలస్యమైంది. అద్దాల తలుపు పట్టేసిందన్నరట?"

"ఇందాక మీవాడే వచ్చి చేసి వెళ్ళాడుగా!"

"మావాడెవడు మేడం? మా షాపుల గీ పనికి నేనొక్కన్నే."

ముక్కూ ముఖం తెలియనివాణ్ణి ఇంట్లోకి రానిచ్చింది!

పద్మావతి గబగబా బీరువా చూసింది. తాళం అలాగే ఉంది. దేవుడి దగ్గర వెండి కుంది ఉంది. టీవీ మీద గడియారం ఉంది.

పోయింది ఏదీ లేదు.

ఎక్కువొకటి ఉంది. అతను సంచి పెట్టిన చోట, గోడ వారగా, దినపత్రిక ముక్కలో చుట్టిన పొట్లం.

విప్పింది.

లోపల, పగిలిన అద్దం చోట కొత్తది వేయించి, వదులైన కొమ్మకు అప్పట్లో పద్మావతి చుట్టిన నల్లదారం అలాగే ఉంచిన రామబ్రహ్మం కళ్ళజోడు ఉంది.