గీకిన ఇనుము

పాండేసరలోని రంగుల మిల్లు మూసిన రాత్రి, లక్ష్మీరాజం ఇనుప ట్యాంకులోకి దిగి గోడల తుప్పంతా గీకి తళతళలాడించాడు. పైకెక్కబోతుంటే మూత పడి బిగుసుకుంది.

బయటి నుంచి భార్య కొమురవ్వ అంది, "ఇది లేస్తలేదు. వాచ్‌మన్‌ను పిలుచుకొస్త. జర మాట్లాడకుండ ఉండు. గీకిన ఇనుము గాలిని గుంజుకుంటదట."

ఆమె అడుగుల చప్పుడు దూరమైపోయింది. ఊపిరి బరువెక్కసాగింది.

టార్చి వెలుగులో తడి గోడ మీద నారింజ రంగు తుప్పు చుక్కలు పుట్టాయి. గాలి ఇనుములోకి చొరబడి దాని అణువుల వరుసనే మార్చేస్తోంది. చుక్కలు కలిసి ఒక అరచేతి ముద్ర అయ్యాయి. చిన్నపిల్లల చేతిలా, అతని చేతిలో సగం కూడా లేదది. దాని పైన ఇంకొకటి తేలింది.

ముద్రలు ఒక్కొక్కటిగా మూత దాకా ఎక్కి, అక్కడ ఆగాయి. లక్ష్మీరాజం ఊపిరి బిగబట్టాడు.

కాసేపటికి అవి అతని వైపు దిగడం మొదలుపెట్టాయి.