వంకర డ్రైవు

పాత ఫ్లాపీ డ్రైవు మీద పచ్చదీపం వెలిగింది. వెలిగింది సరే, ఆరడం లేదు.

"వచ్చిందా?" కిటికీ పక్క కుర్చీలోంచి తల్లి అడిగింది.

"వస్తోంది!" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచింది తొందరమ్మ. చెవి మిషను తీసేసి ఉంటే ఆవిడకు ఆ అరుపూ వినబడదు.

తొందరమ్మ అన్నది అక్క పెట్టిన పేరు. ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే చాలు, మిగతా సగం తనే అందించేస్తుంది. కాల్ సెంటరులో చేరాక ఆ జబ్బు కాస్తా ఉద్యోగధర్మం అయి కూర్చుంది.

అక్క పోయి చాలా ఏళ్లయింది. సెలవులకు ఇంటికి వస్తూ బస్సు ప్రమాదంలో పోయింది. తర్వాత హాస్టలు నుంచి ఆమె కంప్యూటరూ, ఒక ఫ్లాపీ డిస్కూ వచ్చాయి. ఫ్లాపీ మీద 'అమ్మకి. నేనొచ్చాక కలిసి విందాం' అని రాసుంది.

దాన్ని వినే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ధైర్యం వచ్చేసరికి కంప్యూటరు చచ్చింది.

ఇప్పుడు తల్లి చెవులు మూసుకుపోతున్నాయి. త్వరలో మిషను పెట్టినా లాభం ఉండదని డాక్టరు చెప్పేశాడు.

"ఈలోపు దాని గొంతు ఒక్కసారి వినిపించవే" అంది తల్లి.

అందుకే ఈ హడావుడి. అక్క కంప్యూటరులోంచి ఊడదీసిన డ్రైవును ఒక చిన్న బోర్డు సాయంతో కొత్త కంప్యూటరుకు తగిలించాలి. మధ్యలో వెడల్పాటి పట్టీ వైరు కావాలి. అది దొరక్క నెట్‌లో అడిగితే, ఒకాయన స్వయంగా ఇంటికే పట్టుకొచ్చాడు.

నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా. వైరు ఇచ్చి, ఆమె దాన్ని తగిలించేశాక కూడా కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"వై... వైరు..." అన్నాడు.

"వైరు బాగుందండీ, థాంక్స్."

డ్రైవు పాడైందని ఆమె తేల్చేసుకుంది. మోటారు స్క్రూ వదులు చేసి కాస్త జరిపితే, ఫ్లాపీని చదివే తల సరైన చోటికి వస్తుందని ఏదో వీడియోలో చూసింది. స్క్రూడ్రైవరు అందుకుంది.

"ము... ముట్టుకోకండి! అది కాస్త వం... వంకర."

"వంకర కాబట్టే సరిచేస్తున్నా."

"వంకరగా ఉన్నప్పుడు రా... రాసింది. వంకరగా ఉంటేనే చ... చ..."

"చచ్చినా చదవదు. నా గోలా అదే!"

"ఒకసారి కిం... కింద పడింది."

"మీకెలా తెలుసు?"

ఆయన మొహాన చెమట తుడుచుకున్నాడు. "మీ అ... అ... మీ అ..."

"మా అమ్మ చెప్పిందా? ఆవిడకు డ్రైవుకీ డబ్బాకీ తేడా తెలీదు. మీరేమైనా కంప్యూటర్లు బాగుచేస్తారా?"

"లే... లేదు. ఈ ఒక్కదాని సంగతే..."

"సరే, నేను చూసుకుంటాలెండి. ఏమీ అనుకోకండి, పనిలో ఉన్నాను."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, మోటారు అంచు మీదుగా పక్కనున్న రేకు మీదికి సన్నగా ఒక గీత గీశాడు.

"అయ్యో, మళ్లీ ఆ గీతలెందుకండీ!"

ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు. వెళ్తూ వెళ్తూ తల్లి కుర్చీ దగ్గర ఆగి వంగాడు.

"వె... వెళ్లొస్తాను, అ... అ... అత్తయ్యా."

ఆవిడ చెవిలో మిషను లేదు. వీధిలోకి చూస్తూనే ఉంది.

వైరు ఇచ్చినంత మాత్రాన వరసలు కలిపేయడమే అని గొణుక్కుంటూ తొందరమ్మ తలుపేసింది.

స్క్రూ తిప్పింది. మోటారు జరిపింది. దీపం అలాగే వెలుగుతోంది. కాళ్లు ఒకచోట నిలవక గదంతా తిరిగింది. మళ్లీ కూర్చుని ఒక్కొక్కటీ తడిమి చూసింది. పట్టీ వైరుకు ఒక అంచున ఎర్ర గీత ఉంది. ఆ అంచు ఉండాల్సిన వైపు లేదు.

వైరు తిరగబడింది. 'వై... వైరు...' అని ఆయన చెప్పబోయింది ఇదే.

తిప్పి పెట్టగానే దీపం ఆరింది. డ్రైవు కుర్రుకుర్రుమంది. కానీ ఫ్లాపీ ముక్కలను చూపే గళ్లన్నీ తెర మీద ఎర్రబడ్డాయి, అన్నీ తప్పులే.

'వంకరగా ఉంటేనే చ... చ...'

చదువుతుంది! అన్ని మాటలకూ తోక తగిలించే తను దీనికీ తప్పు తోకే తగిలించింది.

మోటారును వెనక్కి జరిపింది. పెన్ను గీత రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి కలిశాయి. తెర మీద గళ్లు వరసగా పచ్చబడ్డాయి.

వీధిలోకి పరిగెత్తింది. ఎవరూ లేరు. ఆయన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగొచ్చి తల్లి చెవికి మిషను పెట్టి, స్పీకరు దగ్గరగా జరిపింది.

"అమ్మా!"

అక్క గొంతు. తల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నీకొక మనిషిని చూపించాలి. ముందు మాట వినిపిస్తా. మొన్న నా కంప్యూటరు మోసుకొస్తూ కింద పడేశాడు. సారీ చెప్పడం ఇంకా పూర్తి కాలేదు." అక్క నవ్వింది. "ఊఁ, చెప్పు. ఎంతసేపైనా పర్లేదు, మా తొందరమ్మ ఇక్కడ లేదుగా."

"ఎవరే ఆ అబ్బాయి?" అంది తల్లి.

తొందరమ్మ వినమన్నట్టు స్పీకరు వైపు వేలు చూపించింది.

స్పీకరులో ఎవరో గొంతు సవరించుకున్నారు, తడబడ్డారు, మళ్లీ మొదలుపెట్టారు, మధ్యలో ఎవరూ అందుకోకపోయేసరికి ఆ మాట చివరిదాకా వచ్చింది: "అ... అ... అత్తయ్యా, మీ అ... అమ్మాయిని నాకిచ్చి పెళ్లి చేస్తారా?"