సగం మాత్ర

బ్లేడు ఆనగానే మాత్ర టక్కున రెండయింది. పెయింటరు గుటక మింగాడు.

"ఇంద," అని భార్య ఒక సగం అతని నాలుక మీద పెట్టి గ్లాసు అందించింది. రెండో సగం గుప్పిట్లో బిగించి, గ్లాసు తీసుకుని పెరట్లోకి నడిచింది. కొళాయి తిప్పిన చప్పుడు. గ్లాసు చప్పుడు. మళ్ళీ కొళాయి కట్టేసిన చప్పుడు.

"పోశావా నా ప్రాణం తూములో?"

"లే, లేచి మొహం కడుక్కో."

ఏడాది కిందట పరంజా విరిగి, రెండో అంతస్తు మీంచి పడ్డాడు. నడుముకు ఆపరేషను చేసి, నొప్పికి ఈ మాత్రలు రాశారు. ఎముక అతుక్కుంది. మాత్రలు వదల్లేదు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఒకరోజు ముద్ద చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. భార్య చెంపలు వాయించి, నీళ్ళు కుమ్మరించి లేపింది.

"ఇలాగే మింగితే ఒకనాటికి నిద్రలోనే ఊపిరి ఆగుతుంది," అన్నాడు డాక్టరు. "అలాగని ఒక్కసారిగా మానితే ఒళ్ళు తట్టుకోదు. మెల్లగా దించుదాం. ముందు పూటకొకటి. తర్వాత సగం. ఆ తర్వాత పావు. అమ్మా, నువ్వే కోసి ఇవ్వు. మిగిలిన ముక్క ఇంట్లో ఉంచొద్దు. కొళాయి కింద కరిగించి పారబోసెయ్. అది ఈయన చేతికి చిక్కిందా, మన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే."

అప్పట్నుంచి మాత్రల అట్ట ఆమె రవికెలోనే ఉండేది.

సగానికి దిగిన మూడో రోజున నరకం మొదలైంది. ఆవులింత మీద ఆవులింత. ఏడవకుండానే కళ్ళవెంట నీళ్ళు, ముక్కువెంట నీళ్ళు. ఎండలో కూర్చున్నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని, చర్మం ఈకలు పీకిన కోడిలా అయ్యేది. కాళ్ళు వాటంతట అవే తన్నుకునేవి. తిన్నది లోపల నిలిచేది కాదు.

"ముక్క కిందపడిపోయిందే. ఇంకోటియ్యి," అన్నాడొకసారి.

"నోరు తెరువు."

తెరిచాడు.

"నాలుకెత్తు."

ఎత్తాడు. సగం మాత్ర అక్కడే ఉంది.

"యాభై ఏళ్ళొచ్చాయి. తాతవయ్యే వయసులో ఈ పిల్లబుద్ధేమిటయ్యా!" అని నవ్వేసింది.

ఆమెది ఇస్త్రీ పని. ముందు గదే దుకాణం. అతను మంచం పట్టిన దగ్గర్నుంచి ఇల్లంతా ఆ ఒక్క చేతి మీదే నడుస్తోంది. మొన్నమొన్నటిదాకా పొద్దువాలేసరికి కుడి భుజం పట్టుకుని మూలిగేది. ఇప్పుడు మూలుగు లేదు. గుట్టలు గుట్టలుగా వచ్చిన బట్టల్ని ఇట్టే తేల్చేస్తోంది. పైగా కూనిరాగాలు.

అతనికి ఒళ్ళు మండింది.

"నేనిక్కడ చస్తుంటే నీకు పాటలొస్తున్నాయా?"

"ఏడిస్తే నీకు తగ్గుతుందా?"

"ఇంకో ముక్క ఇవ్వవే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"వదులు. చొక్కా కాలుతుంది."

"నొప్పంటే ఏమిటో తెలుసా నీకు? రాయివే నువ్వు. బండరాయివి."

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. "తెలుసులే," అని మళ్ళీ రుద్దసాగింది.

ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. అతను గోడ పట్టుకుని పెరట్లోకి పాకినట్టు వెళ్ళాడు. కొళాయి దగ్గర బోర్లా పడుకుని తూములోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. వెంట్రుకల ఉండ, అరిగిన సబ్బు ముక్క, రెండు చొక్కా గుండీలు వచ్చాయి. నల్లటి బురద వేలికి అంటుకుంది. ఏ కాస్తయినా కరిగి ఉండకపోతుందా అని ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. సబ్బు రుచి. అక్కడే తల కొట్టుకుని ఏడ్చాడు.

భార్య వచ్చి చూసింది. తిట్టలేదు. అతని చెయ్యి కడిగింది.

"అందులో ఏముంటుందయ్యా?" అంది. "నేనేమైపోయినా ఫరవాలేదు. నువ్వు మాత్రం నిద్రలో పోకూడదు."

ఇంకో నాలుగు వారాలకు పావుకి దిగారు. నాలుక మీద పెట్టిందో లేదో కూడా తెలియనంత పలుకు. మిగతా మూడు పావులూ ఆమె గుప్పిట్లో. కొళాయి, గ్లాసు, కొళాయి. అతనికి ఆకలి తెలిసింది. నిద్ర పట్టింది. ఇప్పుడు ఆమే నిలబడి నిలబడి కునుకు తీసేది. ఒకసారి మేష్టారి తెల్లచొక్కా వీపున పెట్టె ఆకారంలో మాడిపోయింది. నా వల్లే ఇంత అలిసిపోయింది, అనుకుని అతను తల దించుకున్నాడు.

"గెలిచావయ్యా," అన్నాడు డాక్టరు చివరికి. "రేపట్నుంచి పావు కూడా వద్దు."

"ఒక్క అట్ట రాసియ్యండి డాక్టరుగారూ," అంది భార్య. "ఎందుకైనా మంచిది."

"ఎందుకమ్మా? ఆయనే అడగడం లేదు!"

"మళ్ళీ నొప్పొస్తేనో..."

"వద్దంటే వద్దు."

దారి పొడవునా ఆమె రవికెలోని అట్టను తడుముకుంటూ నడిచింది.

మూడో రోజు పొద్దున్నే పెయింటరు కుంచెలు కడిగి డబ్బాలో సర్దుకున్నాడు. కింది గోడల పనికి మేస్త్రీ రమ్మన్నాడు. గుమ్మంలో ఆగి, "వెళ్ళొస్తానే," అన్నాడు.

ఆమె ఆవులించింది. మళ్ళీ ఆవులించింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"జలుబా?"

"ఆఁ. జలుబే."

కాగుతున్న ఇస్త్రీపెట్టె పక్కనే నిలబడ్డా, ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. బల్లకింద కాలు దానంతటది తన్నుకుంటోంది.

అతని చేతిలోంచి కుంచెల డబ్బా జారిపోయింది.

తూములోకి ఒక్క ముక్కా పోలేదు.