గట్లు చెరిగిన డిస్కు

చక్రధర్ మీట నొక్కాడు. నొక్కిన తర్వాత చదివాడు.

"డిస్కు మొత్తం తుడిచి లినక్స్ ఎక్కించు."

వైరస్‌ల బాధ పడలేక, విండోస్‌కు ఒక భాగం, లినక్స్‌కు ఒక భాగం పంచుదామనుకున్నాడు. పంచలేదు. తుడిచేశాడు.

రేణిగుంటలో అతని ఫొటో స్టూడియోకి ఆ డిస్కే బీరువా. పోయిన నెల నందిని పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. కెమెరా కార్డులు ఇంకో ముహూర్తానికి ఎప్పుడో ఖాళీ చేశాడు.

ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కాడు. నందిని తల్లి నిర్మలమ్మ. కూతురి పెళ్లయిన కొన్నాళ్లకే ఆమె భర్త పోయాడు.

"చక్రధరా, ఎల్లుండే ఆయన దినాలు. పెండ్లిలో నవ్వతా ఉండే పటం ఒకటి పెద్దది చెయ్యి నాయనా. ఆ నవ్వు ఇంగ యాడా లేదు."

"అట్లేమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టి, "డిస్కంతా తుడిచేస్తినే, పటాలన్నీ పోయె!" అని తల పట్టుకున్నాడు.

ఆధార్ జిరాక్సుకొచ్చిన మనిషి బల్లకు అవతల నిలబడి అంతా విన్నాడు. పైకి కట్టిన లుంగీ, చేతిలో పాలక్యాను.

"పటాలు యాడికీ పోలేదప్పా. గట్లు చెరిగినాయంతే, చేను ఆడనే ఉండాది. దాని మింద ఇంగేమీ ఎక్కించొద్దు. కరెంటు తీసెయ్, నేను సూస్తా."

"నువ్వా? ఎంతవరకు సదివినావు?"

"ఏడు."

"బర్రెల కాడ నేర్చుకున్నావా కంప్యూటరు? పేడ చేతుల్తో ముట్టొద్దు. పోప్పా, పో!"

జిరాక్సు కాగితం బల్ల మీదికి విసిరాడు.

ఆ మనిషి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను నమ్మకుంటే పోనీ. తిరపతిలో మోహన్‌కృష్ణ సారు అంగడికి ఎత్తకపో. ఉండేది ఉన్నట్టే ఎత్తకపో."

"పాలోడు గూడా చెప్పేవాడే!"

కంప్యూటర్ మొరాయిస్తే చక్రధర్‌కు తెలిసిన వైద్యం ఒకటే. మళ్లీ విండోస్ ఎక్కించాడు. అంతా మునుపటిలా చేద్దామని, పాత ఆల్బమ్ డిజైన్లు డిస్కు నిండా పోశాడు.

పెళ్లి ఫొటోలు మాత్రం రాలేదు.

సాయంత్రం డిస్కు ఊడదీసుకుని తిరుపతికి, మోహన్‌కృష్ణ అంగడికి పరుగెత్తాడు. అద్దాల గది. గోడ నిండా సర్టిఫికెట్లు. చక్రధర్ చెప్పులు బయటే విడిచాడు.

మోహన్‌కృష్ణ డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి చూసి, తిరిగి చేతిలో పెట్టాడు.

"మళ్లీ ఎక్కించి, నింపేసినారే. ఇంగేమీ మిగల్లేదు."

"అట్లనద్దు సార్! ఇంత పెద్ద సదువు సదివినారు. మీ చేతిలో లేనిదేముంది?"

"సర్టిఫికెట్లు నావి. పని నాది కాదప్పా" అన్నాడు మోహన్‌కృష్ణ. "ఈడికొచ్చే డిస్కులన్నీ బాగు చేసేది మునిప్రసాదన్న. నాకు నేర్పించింది గూడా ఆయనే."

"ఆయన్నే పిలవండి సార్. కాళ్లు పట్టుకుంటా!"

మోహన్‌కృష్ణ తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున ఆయనే ఫోన్ చేసినాడు. 'రేణిగుంట నుంచి స్టూడియో ఆయన డిస్కు తెస్తాడు, ఒక తల్లికి మొగుడి పటం కావాలంట, పాలు పోసేసి నేనొచ్చేదాకా ఆయన్ని కూర్చోబెట్టు' అన్నాడు."