దిండు పట్టుకున్న దొంగ

పెళ్ళాం మెళ్ళో గొలుసు దొంగిలించాలని సుందరరావు నిర్ణయించుకున్నాడు. స్వయంగా కాదు. అంత ధైర్యం అతనికి పుట్టుకతో రాలేదు. మనిషిని పెట్టి చేయించాలి.

ఆ గొలుసు ప్రసన్నకుమారికి వాళ్ళమ్మ యేసమ్మ పోతూపోతూ ఇచ్చింది. అడిగితే ఇవ్వదు. సుందరరావుకేమో కొల్లేట్లో చేపల చెరువు మీద మనసు పడింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తాగా ఎన్నాళ్ళని బతుకుతాడు? చెరువులో వాటా ఇస్తానన్న కైకలూరు బుచ్చిబాబే గొలుసు లాగడానికీ ఒప్పుకున్నాడు. బుచ్చిబాబు ఎప్పుడూ ఇంటికి రాలేదు. ప్రసన్నకుమారి అతని మొహం ఎరగదు. పైగా హెల్మెట్ ఒకటి. ఇంత పకడ్బందీగా ఆలోచించిన తన బుర్రని సుందరరావు తనే మెచ్చుకున్నాడు. మెచ్చుకునేవాళ్ళు వేరే ఎవరూ లేరు మరి.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ చర్చి నుంచి నడిచి వస్తుంటే బైకు వచ్చింది, గొలుసు పోయింది. సుందరరావు "దొంగ! దొంగ!" అని అరుస్తూ బైకు పోయినవైపు కాకుండా రెండోవైపు పరిగెత్తాడు. కంగారు పడితే అతనికి కుడి ఎడమలు తెలియవు.

"పోలీసులకి చెబుదామా?" అన్నాడు తిరిగొచ్చి.

"వద్దండీ," అంది ప్రసన్నకుమారి మెడ తడుముకుంటూ. "వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం? నేనే చూసుకుంటాను."

హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య వారం కూడా నిలవలేదు.

ఏలూరు నుంచి పాసింజరులో వచ్చి హైస్కూలు గ్రౌండులో పిల్లలకి తైక్వాండో నేర్పే మధుబాబు మాస్టారి దగ్గర చేరిపోయింది ప్రసన్నకుమారి. యాభైకి దగ్గరపడిన లెక్కల టీచరు. మోకాళ్ళ నొప్పులని మేడమెట్లు ఎక్కడం మానేసిన మనిషి. తెల్ల డ్రెస్సు, తెల్ల బెల్టు వేసుకుని చిట్టచివరి వరసలో నిలబడి, పసుపు బెల్టున్న పదేళ్ళ శ్రీదుర్గకి వంగి దణ్ణం పెడుతోంది.

"ఈ వయసులో మీకు ఈ కొరియా ఫైటింగేంటండీ టీచరుగారూ?" అని ఇంటిగలావిడ కాంతమ్మగారు నవ్వింది.

"దొంగ కనిపిస్తే ఊరికే వదలకూడదు కదండీ," అంది ప్రసన్నకుమారి మర్యాదగా.

ఆ మాట లోపల కాఫీ తాగుతున్న సుందరరావు చెవిన పడింది. తేలుకుట్టిన దొంగ అని సామెతలో వినడమే గానీ, ఆ దొంగకి ఎలా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది.

ఇంటిదగ్గర సాధనకి మనిషి కావాలి. ఆ మనిషి ఎవరు?

"ఏవండీ, ఓసారి దిండు పట్టుకోరూ?"

పొట్టకి దిండు అడ్డం పెట్టుకుని నిలబడేవాడు సుందరరావు. ఆవిడ ముందు వంగి దణ్ణం పెట్టేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తనకి దణ్ణం పెట్టడం అదే మొదలు. ఆ ముచ్చట తీరకముందే కాలు వచ్చి దిండుకి తగిలేది. మొదట్లో మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేది. "ఛ, లేవట్లేదండీ," అని ఆవిడ బాధపడేది. "తొందరేముంది, నిదానంగా లేస్తుందిలే," అని అతను మనస్ఫూర్తిగా ఓదార్చేవాడు.

గొలుసు అమ్మిన డబ్బు చెరువైంది. ఆ ఏడాదే కొల్లేట్లో చెరువుల గట్లు అక్రమమని సర్కారువారు కొట్టించేశారు. సుందరరావు చేపలు వాటి దారిన అవి సరస్సులోకి వెళ్ళిపోయాయి. గొలుసూ లేదు, చెరువూ లేదు. రెంటికీ చెడ్డ రేవడిలా మిగిలాడు.

రాత్రుళ్ళు ఆవిడ మోకాళ్ళకి తను మందు రాస్తుంటే అతనికి ఏడుపొచ్చేది. తల్లి ఇచ్చిన వస్తువు కోసం ఈ మనిషి ఇంత కష్టపడుతోంది, ఆ దొంగ ఇక్కడే కూచుని కాళ్ళు పడుతున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. పొద్దున దిండు మీద పడ్డ దెబ్బ గుర్తొచ్చి మింగేసేవాడు.

ఒకరోజు ఎస్టీడీ బూతు నుంచి బుచ్చిబాబుకి ఫోన్ చేశాడు. "ఒరే తమ్ముడూ, గూడెం ఛాయలకి రాకురా."

"ఏం అన్నయ్యా?"

"మీ వదిన కాలు ఛాతీదాకా లేస్తోంది."

ఏడాది తిరిగేసరికి ఏలూరులో పరీక్ష నెగ్గి ఆకుపచ్చ బెల్టుతో దిగింది ప్రసన్నకుమారి. మొహం వెలిగిపోతోంది. సుందరరావు జిలేబీ తెచ్చిపెట్టి, అలవాటు చొప్పున దిండు అందుకున్నాడు.

"ఇవాళ దిండొద్దండీ. ఊరికే కదలకుండా నిలబడండి."

నిలబడ్డాడు. గాలి చప్పుడైంది. కళ్ళజోడు ఎగిరి మంచం కింద పడింది. కళ్ళు నులుముకుని చూస్తే ఆవిడ పాదం అతని చెవి పక్కన, చెంపకి తగలకుండా ఆగి ఉంది. ఆవిడ ఒంటికాలి మీద నిశ్చలంగా నిలబడి ఉంది. ఆయాసం కూడా లేదు.

"బాబోయ్! ఇంక ఆ దొంగ దొరికాడంటే చచ్చాడే!" అన్నాడు నవ్వబోతూ.

"గొలుసు లాగుతూ అతనేమన్నాడో మీకు చెప్పలేదు కదూ?" అంది ఆవిడ, కాలు దించకుండానే. "'ఏవనుకోకండి వదినగారూ' అన్నాడండీ, పాపం. దారినపోయే దొంగైతే అమ్మా అంటాడు, అక్కా అంటాడు. వదినగారూ అన్నాడంటే మీకు తమ్ముడవ్వాలి కదండీ?"

"అయితే... నీకు ఎప్పుడు తెలిసింది ప్రసన్నా?"

"ఆ సాయంత్రమేనండీ. కాలు మీ చెంపదాకా లేవడానికే ఏడాది పట్టింది."