వాలుగ వెనక పడవ

గోదారి మడుగులో ఓ వాలుగ చేప ఉండేది. చేపలు ఎక్కడెక్కడ తిరుగుతాయో కనిపెట్టే మనుషులు దాని వీపుకి టిక్కుటిక్కుమనే బిళ్ళ కట్టి వదిలారు. అప్పట్నుంచి ఆ చప్పుడు పట్టుకుని అదెటు పోతే వాళ్ళ పడవా అటే.

"నాకెంత మంది బంట్లో చూశారా!" అని వాలుగ చిన్న చేపల ముందు మీసం మెలేసింది. "లోతంతా నాది. మీరు ఒడ్డుకి పొండి."

"చిత్తం దొరా," అని పరిగెపిల్లలు కొంగలు తిరిగే ఒడ్డుకి పోయి, బిక్కుబిక్కుమంటూ బతికాయి.

ఓ రోజు వాలుగ రాయికి వీపు గోక్కుంటే బిళ్ళ దారంతో సహా ఊడి, కింద బురదలో ఉన్న నత్తకి చుట్టుకుంది. పడవ నత్త మీదే ఆగిపోయింది.

"అయ్యా, నేనిక్కడ!" అంటూ వాలుగ పడవ ముందు ఎగిరెగిరి పడింది.

"ఈ చేపేంట్రా అడ్డం!" అని పడవవాడు తెడ్డుతో నెట్టేశాడు.

పరిగెలు ఒడ్డు నుంచి వచ్చి నత్త ముందు వంగాయి. "తమరెటు దయచేస్తారు దొరా?"

"నేనెటు పోతానర్రా? మీరూ ఇక్కడే ఉండండి, బోలెడు చోటుంది," అంది నత్త.

ఇంతలో వాలుగ నోటితోనే "టిక్కు, టిక్కు" అనుకుంటూ వచ్చింది.

ఓ పరిగెపిల్ల జాలిపడింది. "ఎక్కిళ్ళా బాబాయ్? కాసిని నీళ్ళు తాగు."