వీపంతా కుంకుమ

కొత్త స్కూటర్‌ను వీరరాఘవమ్మ వాకిట్లో నిలిపాడు అమరేశ్వరరావు. ఇంజను మాత్రం ఆపలేదు.

“పిన్నీ! గురువారం మా గృహప్రవేశం, రావాలి!”

వెనక సీటు దిగిన హైమావతి, ఆమెకు బొట్టు పెడదామని భరిణె చూసుకుంది. మూత ఎక్కడో ఎగిరిపోయింది. చిటికెడు కుంకుమ కూడా మిగల్లేదు. భర్త తెల్లచొక్కా వీపంతా ఎర్రగా ఉంది.

వీరరాఘవమ్మ పగలబడి నవ్వింది. “ఏమే, బజారందరి బొట్టూ నీ మొగుడి వీపుకే పెట్టావటే?”

“దిగనిస్తేగా అత్తయ్యా! దారిలో ఇళ్లన్నిటికీ హారన్ కొట్టి, కేకేసుకుంటా వచ్చాడు.”

“హారన్ కొడితే పిలిచినట్టయిద్దంటరా? బండి ఇక్కడుంచి నడువు,” అంటూ ఆమె భరిణె నింపి ఇచ్చింది.

అతను గొణుక్కుంటూ భార్య వెంట వెనక్కి నడిచాడు. మొదటింటి అరుగు మీద షంషాద్ పసిపాపను ఆడిస్తోంది.

“ఎవరి పిల్లమ్మా?”

“నా పిల్లే బాబాయ్, మూడో నెల. రోజూ నీ హారన్‌కి ఉలిక్కిపడి లేస్తది. నువ్వేమో ఆగవాయె!”

పాప అతని వేలు గట్టిగా పట్టుకుంది. ఆ ఇంటి నుంచి కదలడానికి అతనికి చానాసేపు పట్టింది.

పిలుపులన్నీ అయ్యేసరికి పొద్దుగూకింది.

“రేపు నకరికల్లు పిలుపులక్కూడా నడకేనా?” హైమావతి నవ్వింది.

“బస్సుంది గదే.”

అతను వీరరాఘవమ్మ వాకిట్లోని స్కూటర్‌ను నెట్టుకుంటూ ఇంటికి బయల్దేరాడు.

“ఏందిరా, పెట్రోలు అయిపోయిందా?”

అమరేశ్వరరావు గొంతు తగ్గించాడు. “ఉంది పిన్నీ. షంషాద్ పిల్ల ఇప్పుడే పడుకుంది.”